కుప్పమ్మ చీరంచున వచ్చిన గడ్డి

కరకంబాడిలో ఆదిమూలం పెరట్లో ఒక గడ్డిదుబ్బు ఉంది. దాని వేర్లు భూమి లోపల్లోపలే పాకిపోయి శ్రీహరికోటలో తేలాయి. అందుకే అక్కడ రాకెట్టు లేచిన ప్రతిసారీ ఇక్కడ ఈ దుబ్బు మొదలు నుంచి కొస దాకా వణుకుతుంది. టీవీ వాళ్ళు చెప్పకముందే ఆ వీధి జనం దుబ్బును చూసి తెలుసుకొని, మిద్దెలెక్కి ఆకాశం కేసి నిలబడతారు.

సరే, శ్రీహరికోట దాకా పోయి ఉండకపోవచ్చు. నాయుడుపేట దగ్గర ఉప్పుగాలి తగిలి ఆగిపోయి ఉంటాయి. ఇంకా గట్టిగా నిలదీస్తే, పెరటి గోడ కూడా దాటలేదని ఒప్పుకోవాలి. వణకడం మాత్రం నిజం. రేణిగుంట రోడ్డు మీద కంటైనర్ లారీ పోయినా వణుకుతుంది, పక్కింట్లో ఎవరైనా తుమ్మినా వణుకుతుంది. దాని కంకులు అంత సన్నం.

అది పొరకగడ్డి. కోస్తా వాళ్ళు చీపురనేదాన్ని మన వైపు పొరక అంటారు. కొండవాలున, బండల సందున, ఎవరూ విత్తకుండా ఎవరూ నీళ్ళు పోయకుండా ఏళ్ళ తరబడి ఒకే చోట కుదురుగా పెరిగే గడ్డి. దాన్ని కొండ నుంచి తెచ్చుకుంటారే గానీ ఇంట్లో ఎవరూ పెంచరు. ఆ వీధిలో ఒక పెరట్లో కరివేపాకుంది, ఒక పెరట్లో మల్లె పందిరుంది. చుట్టూ రాళ్ళు పేర్చి పొరకగడ్డిని పెంచినవాడు ఆదిమూలం ఒక్కడే.

పెంచాడా అని అడిగితే మాత్రం లేదంటాడు. ఆదిమూలం దేన్నయినా ముందు లేదని, తరువాత ఆలోచించే మనిషి. రేణిగుంటలో గోడౌన్ల దగ్గర మూటలు మోసి మోసి, నడుము వంగాక అక్కడే వాచ్‌మన్‌గా కుదిరాడు. “టీ తాగినావా ఆదిమూలం?” అని సూపర్‌వైజర్ అడిగితే, మీసం మీద నురగ ఆరకముందే “యాడ తాగినాను సార్” అంటాడు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు పిల్ల తండ్రి వీధి మలుపులో ఎదురొచ్చి “మీరేనా పెళ్ళికొడుకు?” అంటే “నేను కాదు” అన్నాడట. అయినా ఆ పెళ్ళి జరిగింది. పిల్ల పేరు కుప్పమ్మ.

ఆ పేరుకొక కథ ఉంది. కుప్పమ్మకు ముందు పుట్టిన బిడ్డలెవరూ ఆ తల్లికి దక్కలేదు. అందుకని ఈమె పుట్టగానే చేటలో పడుకోబెట్టి, వీధి చివరి చెత్తకుప్ప మీద పెట్టారు. అవ్వ పొరక తీసుకొని వెళ్ళి, చెత్తను ఊడ్చినట్టు ఆ చేటను ఊడ్చుకుంటూ గడప దాటించి ఇంట్లోకి తెచ్చింది. ఇది బిడ్డ కాదు, బయట దొరికిన కసువు అని చావును నమ్మించడానికి. అలా లోపలికి ఊడ్చుకున్న బిడ్డ బతుకుతుందని మన పల్లెల్లో నమ్మకం. కుప్పమ్మ బతికింది. పెద్దదై, పొరకలు కట్టి అమ్ముకుంటూ ఆ పొరకతోనే బతుకు నడుపుకుంది.

చలి ముదిరి కొండ మీద కంకులు ఎండే రోజుల్లో కుప్పమ్మ, పక్క వీధి గ్రేసమ్మ తెల్లవారగానే కొండెక్కేవాళ్ళు. ఎండ నెత్తికెక్కే వేళకు తలల మీద మోపులతో దిగేవాళ్ళు. మోపు దించాక కుప్పమ్మ నేరుగా పెరట్లోకి వెళ్ళి గుడ్డలుతికే బండ మీద కూర్చునేది. పొరకగడ్డి గింజకు మూడు మీసాలుంటాయి. చీరంచుకు, కుచ్చిళ్ళకు, రవికకు గుచ్చుకొని వదలవు. వాటిని ఒక్కొక్కటే పీకి గోడ వైపు విసిరేది. వీపు మీద, చెయ్యి అందని చోట ఇరుక్కున్నవాటిని ఆదిమూలం తీసేవాడు.

“కొండకు పోయొచ్చేది నువ్వు, ముండ్లు ఏరేది నేనా?”

“నువ్వు ఏరకపోతే ఇంగెవుర్ని పిల్సమంటావు? పక్కింటాయన్ని పిల్సేదా?”

“పిలువు. ఆయనకు సత్వారం వచ్చిండాది, కండ్లు కనపడవు.”

ఇద్దరి మధ్యా ముచ్చటంటే అదే. ఒకసారి కొండ మీది నుంచి రాకెట్టు పోవడం చూసిందట కుప్పమ్మ. ఆ సాయంత్రమంతా అదే మాట. “తెల్లంగా పొగ ఎట్ట నిలబడిందనుకున్యావు? ఎవురో పొరకెత్తి మిన్ను ఊడ్సినట్టే ఉండాది. అంత పొరక యాడ దొరికిందో వాళ్ళకు!”

ఎర్రచందనం దొంగల గొడవ ముదిరాక, కొండకు పోయే వాళ్ళందరినీ ఫారెస్టు వాళ్ళు అడగడం మొదలుపెట్టారు. గడ్డి కోసం పోయినా అడుగుతారు. ఆ బీటు గార్డు పేరు ధనంజయ, చెడ్డవాడు కాదు. సైకిల్ మోటారు గేటు ముందు ఆపి, లోపల మోపు కనిపిస్తున్నా కనిపించనట్టు ఆదిమూలాన్ని అడిగేవాడు.

“ఏమప్పా, మీ ఆవిడ కొండకు పోయిందంటనే?”

“కొండకా? పోలేదు సామీ. ఇంట్లోనే ఉండాది.”

పెరట్లో కుప్పమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. ధనంజయ తలాడించి వెళ్ళిపోయేవాడు. ప్రతి చలికాలమూ ఈ ప్రశ్న ఉండేది, ఈ జవాబు ఉండేది. అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు.

అలాంటి ఒక చలికాలంలో, గ్రేసమ్మ మోకాళ్ళు పట్టేసి ఇంట్లో ఉండిపోయిన రోజున, కుప్పమ్మ ఒక్కతే వెళ్ళి వచ్చింది. మోపు దించింది. బండ మీద కూర్చుంది. చీరంచు ఒడిలోకి లాక్కొని గింజలు ఏరడం మొదలుపెట్టింది.

“ఏమయ్యా, రొన్ని నీళ్ళు తెచ్చీ. గుండెలో ఎట్టనో ఉండాది.”

ఆదిమూలం చెంబుతో వచ్చేసరికి గోడకు ఆనుకొని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక గింజ ఉంది, ఇంకా విసరలేదు.

ఆ సాయంత్రం ఆమెను నడింట్లో పడుకోబెట్టారు. కూతురు రూపశ్రీ ఫ్యాక్టరీ బస్సు దిగి పరుగెత్తి వచ్చింది. వీధి ఆడవాళ్ళు లోపల చేరారు. గేటు దగ్గర సైకిల్ మోటారు ఆగింది. ధనంజయకు ఏమీ తెలియదు. పొద్దున కొండ దిగువన ఎవరో ఆడమనిషి మోపుతో పోతుండగా చూసి, అలవాటు ప్రకారం అడగడానికి వచ్చాడు.

“ఏమప్పా, ఈ పొద్దు కొండకు పోయింది గదా మీ ఆవిడ?”

ఆదిమూలం నోటికి ఇంకో మాట రాలేదు.

“కొండకా? పోలేదు సామీ. ఇంట్లోనే ఉండాది.”

అప్పుడే లోపలి నుంచి ఏడుపు వినిపించింది. ధనంజయ గడపలోంచి తల వైపు పెట్టిన దీపాన్ని చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకొని, బండిని తోసుకుంటూనే వీధి చివరిదాకా నడిచి వెళ్ళాడు. ఆ తరువాత ఆ గేటు దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

కుప్పమ్మ ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున్నే పెరడంతా ఊడ్చేది. తాను విసిరిన గింజల్ని తానే ఊడ్చి పారేసేది. అందుకే ఇన్నేళ్ళలో ఆ గోడ వారన ఒక్క మొలకా రాలేదు. ఆమె పోయాక ముందరి వాకిలి రూపశ్రీ ఊడ్చేది గానీ, పెరట్లో బండ వైపుకు తండ్రీ పోలేదు, కూతురూ పోలేదు. వానలు పడ్డాయి. బండ పక్కన పచ్చగా ఏదో లేచింది.

“నాయనా, బండ కాడ కసువు మొల్సిండాది. ఆదివారం పెరికి పారేస్తా.”

ఆదిమూలం తానే పెరుకుదామని గొంతుక్కూర్చున్నాడు. మొక్కను పట్టుకొని మట్టి కదిపితే, వేరు దగ్గర ఎండిన గింజ పొట్టు, దానికి మూడు మీసాలు కనిపించాయి. అతని వేళ్ళకు ఆ మీసాలు బాగా తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కదిపిన మట్టిని మళ్ళీ అదిమాడు.

“పెరకొద్దు మ్మే. అది కసువు కాదు.”

“మరేంది?”

“కసువే. అంటే, నువ్వనే కసువు కాదు.”

రూపశ్రీ తండ్రి మొహం చూసి ఊరుకుంది. మన వైపు పశువు మేసే గడ్డీ కసువే, పొరకతో ఊడ్చే చెత్తా కసువే. మాట ఒక్కటే కాబట్టి ఆదిమూలం ఏ కసువు గురించి మాట్లాడుతున్నాడో ఆ పిల్లకు అర్థం కావడానికి కొన్నాళ్ళు పట్టింది. అర్థమయ్యాక, ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు రోడ్డు పక్క నుంచి నున్నటి రాళ్ళు ఏరుకొచ్చి దాని చుట్టూ పేర్చింది. 

అక్కడి నుంచి మొదలైంది ఆదిమూలం వ్యవసాయం. కొండ మీద బండ సందున బతికే గడ్డికి పొద్దునొక చెంబు, సాయంత్రమొక చెంబు నీళ్ళు పోశాడు. పేడ వేశాడు. గోడౌన్‌లో చిరిగిన బస్తాల కింద రాలిన ఎరువు చొక్కా జేబులో తెచ్చి చల్లాడు. జేబులో ఏముందని గేటు దగ్గర అడిగితే వక్కపొడి అన్నాడు. అడిగినవాడు రవ్వంత నోట్లో వేసుకొని మూడురోజులు సెలవు పెట్టాడని చెప్పుకుంటారు గానీ, వాంతి చేసుకొని డ్యూటీకి వచ్చాడన్నదే నిజం.

రెండో ఏడు దుబ్బు నడుమెత్తు లేచింది. ఊదారంగు కంకులు తీసింది. ఎండలో వెండిదారాల్లా మెరిసింది. మేక దూరితే తరిమాడు. రూపశ్రీ కొంగు తగిలి ఒక పుల్ల విరిగితే ఆ పూట అన్నం తినలేదు. పొరక కట్టుకోవడానికి నాలుగు పుల్లలివ్వమని పక్కింటామె గోడ మీంచి అడిగింది.

“యాడ ఉండాదమ్మా పొరకగడ్డి?”

“నీ ఎనకాలే ఉండాది కదయ్యా, నీకంటే ఎత్తుగా!”

“అదా? అది వేరే. అది పొరకకు పనికిరాదు.”

అలా ఒక్క పుల్లా తీయనివ్వలేదు. కంకులు నిలబడే ఎండాయి, ఎండినవి అక్కడే ఒరిగాయి. పైన వాన పడి నానాయి. మరుసటి ఏడు పచ్చ తగ్గింది. ఆ మరుసటి చలికాలానికి దుబ్బు నడిమధ్య బూడిదరంగు తిరిగింది. ఆదిమూలం వేలుపెట్టి చూస్తే పుచ్చిన చాపలా పొడిపొడిగా రాలింది. నీళ్ళు ఎక్కువ పోశాడు. ఇంకా నల్లబడింది. గోడౌన్‌లో కుర్చీ మీద కూర్చుని లారీల నంబర్లు చూస్తున్నా కళ్ళ ముందు ఆ బూడిదరంగే కనిపించింది. ఒకసారి చెంబుతో నీళ్ళు తెచ్చేలోపల అయిపోయింది. ఈసారి చెంబులకు చెంబులు పోస్తూ ఎదురుగా నిలబడి ఉండగానే అయిపోతోంది.

చివరికి చర్చి వీధిలో గ్రేసమ్మ ఇంటికి వెళ్ళాడు. కుప్పమ్మ పోయాక ఆమె ఈ ఇంటి వైపు రాలేదు. తాను లేని రోజునే అలా జరిగిందని ఆమె బాధ. ఆదిమూలం వాకిట్లో నిలబడ్డాడు.

“ఏమన్నా, ఇట్టొచ్చినావు?”

“ఏం లేదు గ్రేసమ్మా. ఊరికే.”

“ఊరికే వచ్చేవాడివా నువ్వు?”

కాసేపు చెప్పుల వైపు చూసుకున్నాడు. “గడ్డి సచ్చిపోతా ఉండాది. సచ్చిపోకుండా ఏమన్నా ఉంటే చెప్పు.”

ఏ గడ్డి అని ఆమె అడగలేదు. వీధి వీధంతా తెలిసిన సంగతే. కర్ర పట్టుకొని, మోకాళ్ళు మొరాయిస్తుంటే ఆగి ఆగి నడిచి వచ్చింది. దుబ్బు ముందు నిలబడింది. చుట్టూ పేర్చిన రాళ్ళు, పేడ, నీటి తడి అన్నీ చూసింది.

“ఓరి దేవుడా! ఎన్నేండ్లయిందన్నా పీకక?”

“పీకలేదు. ఒక్క పుల్ల గూడా పీకనీలేదు.”

“అదే నువ్వు జేసిన పని. ఏటేటా ఎండిన పుల్ల పీకితేనే దానికి గాలాడేది. పీకకుంటే దాని ఎండుగడ్డి కిందనే అది మురిగి సస్తాది. మేము కొండకు పోయి గడ్డిని పాడుజేసినామనుకున్యావా? ఏటేటా పీకినాము గాబట్టే ఏటేటా లేసింది.”

“కొడవలి తెచ్చేదా?”

“కొయ్యగూడదు. పీకాల. పచ్చిది వదిలిపెట్టి, ఎండింది ఒక్కొక్కటే.”

ఆదిమూలం కదల్లేదు. “నావల్ల కాదు గ్రేసమ్మా. అది కుప్పి.”

 గ్రేసమ్మ కర్ర గోడకు ఆనించి, బండ పట్టుకొని మెల్లగా కింద కూర్చుంది. కొండ మీద కుప్పమ్మ కూర్చున్నట్టే దుబ్బుకు అటొక కాలు ఇటొక కాలు చాపింది.

“వదిన యాడికి పోయిందో నాకు తెలుసు, నీకు తెలుసు. ఇది గడ్డన్నా. వదినది కాబట్టే వదిన జేసినట్టు జెయ్యాల. రా, కూసో.”

ఆమె ఒక పుల్ల మొదట్లో పట్టుకొని లాగింది. ‘కిచ్’ మని సన్నటి చప్పుడైంది. ఆ చప్పుడు ఆదిమూలం ఎప్పుడూ విని ఉండలేదు, కొండ మీద అతనెప్పుడూ లేడు కాబట్టి. కుప్పమ్మ చెవుల్లో ప్రతి చలికాలమూ పొద్దుటి పూటంతా ఉన్న చప్పుడు అదేనని అప్పుడు తెలిసింది. ఎదురుగా కూర్చున్నాడు. ఒకటి పట్టుకొని లాగాడు. రాలేదు. వేలు కోసుకుంది. ఇంకొకటి లాగాడు.

“వంచి లాగన్నా. పండ్లు పీకినట్టు నిలువునా లాగబాక.”

పీకినవన్నీ బండకేసి దులిపారు. మూడు మీసాల గింజలు ఎగిరి ఆదిమూలం లుంగీకి, చొక్కాకు గుచ్చుకున్నాయి. వీపు మీదికీ పోయాయి. అతను చెయ్యి వెనక్కి చాపాడు. అందలేదు. చాపిన చెయ్యి అలాగే కాసేపు ఉంచి, మెల్లగా ఒడిలోకి తెచ్చుకున్నాడు. గ్రేసమ్మ చూసి కూడా తలెత్తకుండా పుల్లలు సర్దుతూ ఉండిపోయింది.

మురిగినవి పోగా ఒకే ఒక్క పొరకకు సరిపడా పుల్లలు మిగిలాయి. గ్రేసమ్మ మొదళ్ళు నేలకు తట్టి సమం చేసి, కొబ్బరి నారతో కుప్పమ్మ వేసే ముడే వేసింది. ఆదిమూలం దాన్ని రెండు చేతులా అందుకొని ఇంట్లో పటం వెనకాల పెట్టబోయాడు.

“ఏందన్నా, పొరకను దాసి పెట్టుకుంటారా ఎవురన్నా? వదిన ఇంటుంటే నగుతుంది. ఊడ్సు.”

రూపశ్రీ అప్పుడే పని నుంచి వచ్చి గడపలో నిలబడింది. ఆదిమూలం గేటు దాకా వెళ్ళాడు. వీధి వైపు వీపు పెట్టి, నడుము వంచి ఊడ్చడం మొదలుపెట్టాడు. గేటు నుంచి వాకిలికి, వాకిలి నుంచి గడపకు. దుమ్ము, ఎండుటాకులు, రాలిన గింజలు, అన్నిటినీ ఇంటి వైపుకే తోసుకుంటూ వస్తున్నాడు.

“ఇదేం ఊడ్సేదన్నా?” అంది గ్రేసమ్మ. “కసువు బయటికి ఊడుస్తారు గానీ ఇంట్లోకి ఊడుస్తారా ఎవురన్నా?”

రూపశ్రీ ఆమె చెయ్యి పట్టుకొని ఆపింది. చేటలోని బిడ్డ కథ ఆ పిల్ల అమ్మ నోటే విన్నది. గడపకు అడ్డం తప్పుకొని తండ్రికి దారి ఇచ్చింది. ఆదిమూలం గడప మీంచి ఆ కాస్త కసువునూ లోపలికి ఊడ్చుకొని, నడింట్లోకి చేర్చి, అక్కడ ఆగాడు. పొరక పట్టుకునే కూలబడ్డాడు. ఆ రోజు దాకా అతను ఏడవగా ఎవరూ చూడలేదు.

వానలకు దుబ్బు మళ్ళీ లేచింది. చుట్టంచునే లేచింది. నడిమధ్య చచ్చినది చచ్చినట్టే ఉంది. పచ్చటి గడ్డి గుండ్రంగా, లోపల కంచమంత ఖాళీతో. ఆ ఖాళీ పూడదని గ్రేసమ్మ చెప్పింది. ఆదిమూలం అందులో మట్టి పోయలేదు, నీళ్ళూ పోయలేదు. ఏటా చలికాలం ఎండిన పుల్లలు పీకుతాడు, ఒక పొరక కడతాడు. మొన్న రాకెట్టు లేచినప్పుడు వీధంతా మిద్దెలెక్కితే, అతను మాత్రం పెరట్లో బండ మీద కూర్చుని దుబ్బునే చూస్తున్నాడు. వణికిందో లేదో అతన్నే అడగాలి.

అడిగి చూడండి కావాలంటే. రేణిగుంటలో గోడౌను గేటు పక్కన కుర్చీలో ఉంటాడు. కొండ నుంచి మీ ఆవిడ చీరంచున వచ్చిన గడ్డి అట కదా, దాన్ని పెంచుతున్నావట కదా అంటే, చొక్కా భుజం మీద గుచ్చుకొని ఉన్న గింజను తీసి జేబులో వేసుకుంటూ చెబుతాడు.

“ఎవురు జెప్పినారబ్బా? అంతా అబద్ధం. నేను గడ్డీ పెంచలేదు, పొరకా కట్టలేదు. మా ఆడిది కొండకే పోలేదు. ఇంట్లోనే ఉండాది.”